బోర్డు అవతల

వికారాబాద్,
జూన్ 28

ఓ ఎస్సై మేడమ్, దండం!

ఉత్తరం చూసి నవ్వకు. నువ్వు పోలీసు ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఫోన్లు ఇవ్వరని వారం వారం నీకు ఉత్తరం రాసింది ఈ వదినే. కవర్లో సకినాలు పెట్టి పంపితే పొడి చేరిందని తిట్టావు, యాదుందా? ఇన్నేళ్లకు మళ్లీ పెన్ను పట్టాను. ఎందుకో నీకు తెలుసు. నువ్వూ మా రూపేషూ ఫోన్లో పోట్లాడుకున్నదంతా వాడు రికార్డు చేసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. నా సొంత తమ్ముడే అయినా ఆ పని నాకు నచ్చలేదు. వాడి మొహం మీదే చెప్పాను. ఇగ మనిద్దరి మాటలు ఫోన్లో వద్దు.

నిన్ను రోడ్డు మీద డ్యూటీ నుంచి తీసేసి, విచారణ అయ్యేదాకా స్టేషన్లో కూర్చోబెట్టారని తెలిసినప్పటి నుంచి మీ అన్న సరిగ్గా తినడం లేదు. దుకాణం మూసి ఇంటికొచ్చి, టీవీ పెట్టుకుని, దాని దిక్కు చూడకుండా కూర్చుంటాడు. నిన్న అడిగితే, "ఒక దిక్కు చెల్లె, ఒక దిక్కు బామ్మర్ది. నేనెటు పోవాలె రచనా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

నీలూ, జర నా మాట విను. రూపేష్ నీ మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటున్నాడు. నువ్వు ఒక్క ముక్క రాసివ్వాలట. తాండూరు హద్దు దాటి పోయి జీపు ఆపడం పొరపాటు అని. అంతే. ఇందులో పోయేదేముంది? నీ డ్రెస్సు నీకుంటుంది, వాడి జీపులు వాడికి తిరుగుతాయి. వాడికి మాత్రం వేరే ఆధారం ఏముంది, తాండూరు వికారాబాద్ మధ్య ఆ జీపులే గదా.

ఇంకోటి. ఆరోగ్యం చూసుకో. ఆ రోజు ఎండకు నీ మొహం ఎంత వాడిపోయిందో! టోపీ కింద చెమటలు కారుతున్నా పక్కన నీళ్ల సీసా అన్నా పెట్టుకోవద్దా?

ఇదంతా తను అడుగుతున్నట్టు రాయమన్నాడు మీ అన్న. నువ్వు మాత్రం నేనే అడుగుతున్నాననుకో.

నీ వదిన,
రచన


తాండూరు,
జూలై 6

వదినా,

సకినాల పొడి కూడా చెంచాతో తిన్నాను. అది నీకు అప్పుడు చెప్పలేదు.

పొరపాటని రాసివ్వమన్నావు. ఏం జరిగిందో గ్రూపులో విన్నావు గానీ నా నోటితో వినలేదు. విను.

ఆ రోజు పెద్ద చౌరస్తాలో నిలబడి ఉన్నాను. రూపేష్ జీపు వికారాబాద్ దిక్కు పోతోంది. కిష్టప్ప నడుపుతున్నాడు. లోపల మనిషి మీద మనిషి, వెనక నిచ్చెన పట్టుకుని వేలాడేవాళ్లు వేరే. విజిల్ వేశాను, చెయ్యి ఎత్తాను. కిష్టప్ప చూశాడు. ఆపకుండా పోయాడు. నేను మోటారు సైకిల్ తీసి వెంటపడ్డాను.

ఊరి చివర మున్సిపాలిటీ వాళ్ల బోర్డు నీకు తెలిసిందే. ఊళ్లోకి వచ్చేవాళ్లకు 'స్వాగతం', పోయేవాళ్లకు 'ధన్యవాదాలు'. మన దారిలో జీపు డ్రైవర్లకు ఆ బోర్డే దేవుడు. ఊళ్లో పట్టినంత మందిని ఎక్కించుకుని, మిగిలినవాళ్లను "బోర్డు అవతల నిలబడుండ్రి" అని ముందే పంపిస్తారు. బోర్డు దాటితే తాండూరు పోలీసు రాడు. అవతలి స్టేషన్ వాళ్లకు అది మూల, వాళ్లూ రారు. జనం కూడా అదేదో బస్టాండు అయినట్టు సంచులు పట్టుకుని అక్కడికి నడిచిపోయి నిలబడతారు. ఎవరికీ అది తప్పనిపించదు. ఇన్నేళ్లలో ఏ ఎస్సై ఆ బోర్డు దాటలేదు. నేను దాటాను.

కిష్టప్ప అక్కడ జీపు ఆపి, నిమ్మళంగా బీడీ ముట్టించి ఇంకా మందిని ఎక్కిస్తున్నాడు. అక్కడ ఖాకీ బట్టలు కనిపిస్తాయని వాడు కలలో కూడా అనుకోలేదు. నన్ను చూడగానే హడలిపోయి గేరు వేశాడు. పక్క తలుపు పట్టుకుని ఒక కాలు లోపల పెట్టిన సత్యమ్మ కింద పడింది. ఆమెది బంట్వారం దిక్కు ఊరు, పెద్ద వయసు మనిషి. వెనక చక్రం ఆమె కాలు మీదుగా పోయింది. ఆ అరుపు నాకు ఇంకా వినపడుతోంది.

ఇప్పుడు రూపేష్ ఏమంటాడంటే, నేను చౌరస్తాలో అసలు ఆపమననే లేదట. హద్దు అవతల పొదల చాటున మాటు వేసి, మీదికి ఉరికి, డ్రైవర్ని బెదరగొట్టానట. విచారణ చేసే డీఎస్పీ గారు నన్ను పిలిచి సూటిగా చెప్పారు: "నీ పరిధిలో ఆపమంటే ఆగకుండా పోయిన బండిని అవతలిదాకా తరిమి పట్టుకోవచ్చు. కానీ మొట్టమొదట ఆపింది బోర్డు అవతలే అయితే, అక్కడ నీకేం పనమ్మా అని అడుగుతారు. ఆ ముసలామె కాలు నీ మెడకు చుట్టుకుంటుంది." అంటే నా ఉద్యోగమంతా ఇప్పుడు ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. చౌరస్తాలో చెయ్యి ఎత్తానా లేదా?

చూశామని చెప్పేవాళ్లు లేరు. కెమెరాకు అడ్డంగా ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. నాతో డ్యూటీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ బాల్‌రాజ్ చాయ్‌కి పోయాడు. జీపులో ఉన్నవాళ్లు మీ తమ్ముడి జీపు లేకపోతే ఇల్లు చేరలేరు, వాళ్లేం చెప్తారు?

పొరపాటని మాత్రం రాసివ్వను. రాసిస్తే రేపటి నుంచి ఆ బోర్డు అవతల ఎవరేం చేసినా అడిగే దిక్కుండదు.

ఆ రోజు నా మొహం వాడిపోయిందని రాశావు. నీకెవరు చెప్పారో గానీ, నిజమే. నీళ్ల సీసా లేదు.

నీలిమ


వికారాబాద్,
జూలై 25

నీలిమా,

నీ మొహం సంగతి ఎవరో అన్నారులే. ఎవరన్నారో యాదికి లేదు. దాన్ని పట్టుకుని పోలీసు ప్రశ్నలు వేయకు.

సత్యమ్మను ఇక్కడి దవాఖానాలోనే ఉంచారు. మోకాలి కింద తీసేశారు. ఆమెకు ఒక్క కొడుకు, పనికి పోతే గానీ గడవదు, పగలంతా ఆమె ఒక్కతే. నేను రోజూ అన్నం పట్టుకుపోతున్నాను. జొన్నరొట్టె మెత్తగా చేసి, పప్పులో నానబెట్టి తినిపిస్తే తింటుంది. ఎందుకు పోతున్నావని మీ అన్న నన్ను అడగలేదు, నువ్వూ అడగకు.

రూపేష్ ఆ రోజు జీపులో ఉన్నవాళ్లందరి దగ్గరా కాగితాల మీద వేలిముద్రలు, సంతకాలు తీసుకుంటున్నాడు. చౌరస్తాలో విజిల్ వినలేదని, పోలీసు చెయ్యి చూడలేదని. మా అమ్మ గోవిందమ్మ తాండూరు నుంచి ఫోన్ చేసి ఒకటే శాపనార్థాలు. "నీ ఆడిబిడ్డ నా కొడుకు నోటికాడి బువ్వ గుంజుతున్నది. నువ్వు సూస్కుంట కూసున్నవ్" అంటుంది. నేనేం చేయాలె చెప్పు? మెట్టినింట్లో నీ పేరు, పుట్టింట్లో వాడి పేరు. నా తల పగిలిపోతోంది.

అందరూ చేసేదే గదా నీలిమా. బోర్డు అవతల ఎక్కడం ఈ రోజు పుట్టిందా? మనమెన్నిసార్లు ఎక్కలేదు? కాలేజీ రోజుల్లో నువ్వే నన్ను అక్కడికి నడిపించుకుపోయి సీటు పట్టేదానివి. ఖాకీ వేసుకోగానే అన్నీ తప్పులైపోయినాయా?

ఇంత మాట అనొద్దనుకున్నాను. ఉండలేక అంటున్నాను. నువ్వు ఆ బోర్డు దాటకుంటే సత్యమ్మ కాలు సత్యమ్మకు ఉండేది.

రచన


తాండూరు,
ఆగస్టు 8

వదినా,

నువ్వన్న మాట పట్టుకుని చాలా రోజులు తిరిగాను. బోర్డు దాటకుంటే ఆమె కాలు ఉండేదన్నావు. చౌరస్తాలోనే ఆపి ఉంటే కూడా ఉండేది. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఉత్తరాల నిండా ఏవేవో రాసుకుంటూ దాని పక్క నుంచి పోతున్నాం.

పోయిన ఉత్తరంలో నీకు పూర్తిగా చెప్పలేదు. కిష్టప్ప ఆపకుండా పోయాడని రాశాను. అది సగమే. విజిల్ వేసి చెయ్యి ఎత్తగానే అతను బ్రేకు మీద కాలు వేశాడు. జీపు నెమ్మదించింది. అప్పుడు ముందు సీట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. దాని నిండా పచ్చ గాజులు. పోయిన బతుకమ్మకు నేను కొనిచ్చినవి.

నువ్వు నవ్వావు వదినా. నేనూ నవ్వాను. ఎత్తిన చెయ్యి దానంతట అదే దిగింది, దిగిన చెయ్యినే నీకు ఊపాను. కిష్టప్ప అది చూసి పోనిచ్చాడు. నా అధికారం నీ గాజులు కనిపించిన చోటే ఆగిపోయింది, బోర్డు దాకా పోనేలేదు. జీపు పోయాక, అక్కడ మామిడిపండ్లు అమ్మే ఆమె "సుట్టాలా మేడమ్?" అంది నవ్వుతూ. నా తల కొట్టేసినట్టయింది. అప్పుడు బండి తీశాను. నిన్ను ఆపలేకపోయిన కోపమంతా నా మీద నాకే. ఆ కోపంతోనే బోర్డు దాటాను.

నా రిపోర్టులో ముందు సీటు ఊసే లేదు. నిన్ను ఇందులోకి లాగొద్దని అనుకున్నాను. నీ పేరు వస్తే నేను చెయ్యి దించిన సంగతి కూడా వస్తుంది గదా, అది రావద్దని కూడా అనుకున్నాను.

నువ్వు రోజూ దవాఖానాకు అన్నం ఎందుకు పట్టుకుపోతున్నావో నేను అడగలేదు. అడగను.

నీలూ


వికారాబాద్,
సెప్టెంబర్ 2

నీలూ,

ఇన్ని రోజులు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా చేతికి ఆ గాజులే కనిపించేవి. తీసి బీరువాలో పెట్టేశాను.

నీకు కనిపించింది నా చెయ్యి. నా నోరు నీకు వినపడలేదు. అది కూడా విను, ఇగ దాచేదేముంది. కిష్టప్ప బ్రేకు వేసి, "అక్కా, మేడమ్ ఆపమంటున్నది" అన్నాడు. నేనే అన్నాను, "పోనియ్యి కిష్టప్పా, గామె మా ఆడిబిడ్డే, ఏమనదు. జర బోర్డు దాటిచ్చి మిగిలినోళ్లను గక్కడ ఎక్కిచ్చుకో" అని. వెనకున్న ఆడవాళ్లందరూ నా దిక్కు చూశారు. ఎస్సై మేడమ్‌కు వదిననని నాకెంత గొప్పగా అనిపించిందో తెలుసా? మా అమ్మను చూసి వస్తున్నాను, తమ్ముడి జీపు, ముందు సీటు, రోడ్డు మీద నా మరదలు. ఆ పూట తాండూరంతా నాదే అనిపించింది. ఛీ, నా బతుకు.

సత్యమ్మ పడ్డప్పుడు నేను దిగాను. నువ్వు ఆమెను ఒళ్లో పెట్టుకుని అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నావు. నా దిక్కు చూడలేదు. నేను అట్లనే వెనక్కి నడిచిపోయి బస్సెక్కాను. నేను అట్ల జారుకోవడం నువ్వు చూడలేదనే ఇన్ని రోజులు అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉండింది.

నిన్న జరిగింది చెప్తాను. దవాఖానాలో అన్నం తినిపిస్తుంటే సత్యమ్మ నా చెయ్యి పట్టుకుని, "గాజులు తీసేసినవేంది బిడ్డా?" అంది. నా చేతిలో ముద్ద అట్లనే ఉండిపోయింది. "ముందు సీట్ల కూసున్నది నువ్వే గద. నాకు జాగ దొరుకుతదేమోనని తొంగి సూసిన. గా పచ్చ గాజులు సూసి పోల్చిన" అంది. మొదటి రోజు నుంచీ ఆమెకు తెలుసు నీలూ. ఎవ్వరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే ఏమన్నదో తెలుసా? "మీ తమ్ముడు కాయితం మీద ఏలిముద్ర ఏయమన్నడు, ఏసిన. నాకెందుకు పంచాది? దినాం బువ్వ తెచ్చేది మీరే గద."

నేను పాపం పోగొట్టుకోవాలని అన్నం పట్టుకుపోయాను. అది ఆమె నోరు కట్టేసింది. ఇంటికొచ్చి గిన్నె కడుగుతూ ఎంతసేపు ఏడ్చానో.

నేను విచారణకు వచ్చి ఉన్నదున్నట్టు చెప్తే రూపేష్ గతి ఏమవుతుంది? మా అమ్మ నన్ను గడప తొక్కనిస్తుందా? ఫికరుతో నిద్ర పట్టడం లేదు. మీ అన్నకు అంతా చెప్పాను. లేచి పోయి వాకిట్లో నిలబడ్డాడు. పొమ్మనో వద్దనో నువ్వన్నా అను. రావద్దని ఒక్క ముక్క రాయి నీలూ, నీ కాళ్లు మొక్కుతా. రాను. నా మనసుకు నేనేదో చెప్పుకుంటాను.

రచన


తాండూరు,
సెప్టెంబర్ 11

వదినా,

రావద్దని రాయను. రమ్మని కూడా రాయను. చౌరస్తాలో ఒకసారి నీకు వీలుగా చెయ్యి ఊపాను, అది చాలు.

విచారణ దసరా ముందే. నేను అన్నీ చెప్పేస్తున్నాను. చెయ్యి ఎత్తింది, దించింది, ముందు సీటు సంగతి రాయనిది. ఎవరిని చూసి దించావని అడుగుతారు. అడిగితే నీ పేరు చెప్తాను. ఇది ముందే నీకు తెలియాలని రాస్తున్నాను.

బాల్‌రాజ్‌కు చెప్తే నెత్తి పట్టుకున్నాడు. "పరేషాన్ ఎందుకు మేడమ్? ఎత్తిన అని చెప్పుండ్రి, సాలు. దించింది ఎవలు సూసిండ్రు?" అన్నాడు. నిజమే, ఎత్తానని గట్టిగా నిలబడితే నేను బయటపడొచ్చు. కానీ ఆ మాటకు సాక్ష్యం కావాలి. మామిడిపండ్లామె ముందుకు రాదు, ఇగ ఆ సాక్ష్యం నువ్వే. నిన్ను పిలిచి సగం చెప్పించి సగం మింగమనాలి. సత్యమ్మతో మీ తమ్ముడు చేయించింది కూడా అదే గదా.

భయం లేదని అనుకోకు. ఈ డ్రెస్సు కోసం, అమ్మ చనిపోయిన ఏడాది కూడా చదువు ఆపలేదు నేను. పరీక్షకు పోయేటప్పుడు చద్దన్నం కట్టిచ్చింది నువ్వు. విడిచిపెట్టమంటే ఎట్ల విడవాలో నాకు తెలియదు. పొద్దున అద్దం ముందు నిలబడి టోపీ పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంటున్నాను.

అన్నను తినమను.

నీలూ


వికారాబాద్,
అక్టోబర్ 4

నీలూ,

విచారణ రోజు వరండాలో నువ్వు ఒక మూల, నేనొక మూల. మాట్లాడుకోవద్దన్నారు గనక మాట్లాడలేదు. అందుకే రాస్తున్నాను.

నీకంటే ముందు నన్నే పిలిచారు. మీ డీఎస్పీ సారు నీళ్లు తాగమన్నాడు. "మేడమ్ చెయ్యి ఎత్తింది మీరు చూసినారా?" చూశాను సార్. "డ్రైవర్ ఆపబోయాడా?" ఆపబోయాడు సార్. "మరి ఎవరు వద్దన్నారు?" నేనే సార్ అన్నాను. ఎందుకన్నారంటే, మా ఆడిబిడ్డ గదా అనుకున్న సార్ అన్నాను. ఆయన రాసుకోవడం ఆపి నా దిక్కు చూశాడు. ఆ చూపు నాకు చాలు.

బయటికొచ్చేసరికి రూపేష్ గేటు దగ్గర ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "అక్కా, నిన్ను ముందు సీట్ల కూసోవెట్టి పంపిన. గిట్ల చేస్తవా?" అని తల దించుకుని పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. మా అమ్మ అయితే ఇంతవరకు ఫోన్ ఎత్తలేదు. పెళ్లయి ఇన్నేళ్లయింది, బతుకమ్మకు పుట్టింటి నుంచి పిలుపు రాకపోవడం ఈ ఏడే. వాకిట్లో ఒక్కదాన్నే పూలు పేర్చాను. మీ అన్న గునుగు పూలు కోసుకొచ్చి ఇచ్చాడు.

సత్యమ్మకు కూడా చెప్పాను, ఇగ భయపడాల్సింది లేదమ్మా, ఉన్నదే చెప్పు, అన్నం మాత్రం ఆగదు అని. ఆ పూట తినలేదు. మర్నాడు తింది.

వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి చూశాను. బోర్డు అవతల జనం అట్లనే నిలబడి ఉన్నారు. సంచులు, పిల్లలు, వేరే ఎవరిదో జీపు.

నీ సంగతి ఏం తేల్చారో వెంటనే రాయి.

నీ వదిన


తాండూరు,
నవంబర్ 16

వదినా,

ఉత్తర్వు వచ్చింది.

బోర్డు దాటడం తప్పు కాదన్నారు. నా హద్దులో మొదలుపెట్టిన పనిని అవతలిదాకా తీసుకుపోవచ్చు, అవతలి స్టేషన్‌కు ఒక మాట చెప్పి ఉండాల్సింది అన్నారు, అంతే. మీ తమ్ముడి ఫిర్యాదు నిలబడలేదు. నాకు శిక్ష పడింది నేను నోటితో చెప్పినదానికే. ఎత్తిన చెయ్యి దించినందుకు, రిపోర్టులో నిన్ను దాచినందుకు. ప్రమోషన్ వెనక్కి పోయింది. డ్రెస్సు మిగిలింది. బాల్‌రాజ్ "నేను సెప్పలే మేడమ్?" అని నాకంటే ఎక్కువ బాధపడుతున్నాడు. కిష్టప్ప మీద కేసు నడుస్తోంది, రూపేష్ పర్మిట్ ప్రస్తుతానికి ఆపారు. నీకు ముందే తెలిసి ఉంటుంది.

పుండు మానక సత్యమ్మను ఇంకా దవాఖానాలోనే ఉంచారు గదా, మొన్న ఆదివారం చీర కట్టుకుని పోయాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. మీ రచన ఆడిబిడ్డనంటే "కూసో బిడ్డా" అని పక్కకు జరిగింది. తర్వాత ఆ ఎస్సైని నేనే అని చెప్పాను. కోపం చేయలేదు. "గా సౌరస్తలనే ఆపితే అయిపోతుండె గద బిడ్డా" అంది. అంత పెద్ద విచారణ చేసి ఇన్ని కాగితాలు రాసింది ఆ ఒక్క మాట కోసమే. నేను ఆమె దుప్పటి సర్ది వచ్చేశాను.

ఇంకో సంగతి. నన్ను వికారాబాద్‌కు బదిలీ చేశారు. వచ్చే నెల నుంచి మీ ఇంటి దగ్గర చౌరస్తాలోనే డ్యూటీ. అన్నకు చెప్పు, సంతోషపడతాడు.

నీకు ముందే ఒక మాట. రేపు నువ్వు ఏ బండిలో వస్తున్నా, నేను చెయ్యి ఎత్తితే ఆపించు. నన్ను చూసి నవ్వకు, చెయ్యి ఊపకు. నేనూ నవ్వను. డ్యూటీ దిగి ఇంటికే వస్తాను. ఆ పచ్చ గాజులు బీరువాలోంచి తీసి వేసుకుని ఉండు.

నీలూ